ఫ్రీ ఏజెంట్‌కి ఏ కాంట్రాక్టు రాయాలి? ఎన్‌ఎఫ్‌ఎల్ సాలరీ క్యాప్ కింద నాలుగు దారులు

ప్రతి మార్చిలోనూ మా ఇంట్లో ఇదే తంతు. ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఫ్రీ ఏజెన్సీ, అంటే కాంట్రాక్టు ముగిసిన ఆటగాళ్లు నచ్చిన టీమ్‌తో సంతకం చేసే కాలం, మొదలైన గంటకే ఫోన్ మోగుతుంది. అవతల మా బావమరిది. “బావా, ఆరేళ్లకి నూట ఇరవై మిలియన్లంట! వీళ్లకి సాలరీ క్యాప్ వర్తించదా ఏంటి?” వర్తిస్తుంది. ఆటగాళ్లందరి మీదా కలిపి టీమ్ ఏడాదికి రాసుకోగల ఖర్చుకి ఉండే పరిమితే సాలరీ క్యాప్. కానీ ఆ కాంట్రాక్టు తీసి చదివితే అది నిజానికి ఆరేళ్లదీ కాదు, నూట ఇరవైదీ కాదు.

మేమిద్దరం ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. డాలస్ టీమ్ కౌబాయ్స్ ప్రాక్టీసు చేసే చోటు కారులో పది నిమిషాలు. ఆఫీసు స్నేహితులతో కలిసి, నిజమైన ఆటగాళ్లతో ఊహా టీమ్‌లు కట్టుకునే ఒక ఫ్యాంటసీ లీగ్ ఆడతాం. మామూలు లీగ్ కాదు, సాలరీ క్యాప్ ఉన్నది. ఆటగాడికి కాంట్రాక్టు రాయాలి, మధ్యలో వదిలేస్తే మిగిలిన బోనస్ లెక్క మనమే మోయాలి. రెండేళ్ల కిందట మా బావమరిది 29 ఏళ్ల రన్నింగ్ బ్యాక్‌కి (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) నాలుగేళ్లు రాసిచ్చాడు, అదీ సగానికి పైగా సైనింగ్ బోనస్‌గా. ఆ మనిషి మోకాలు దెబ్బతిని ఆటే మానేశాడు. ఆయన పద్దు మాత్రం మా వాడి ఖాతాలో ఇంకా నడుస్తూనే ఉంది. చింత చచ్చినా పులుపు చావదంటే ఇదే.

ఈ వ్యాసం మా వాడిలాంటి వాళ్ల కోసం. క్యాప్ లీగ్ ఆడేవాళ్లకీ, తమ టీమ్ చేసిన సంతకం మంచిదో చెడ్డదో తేల్చుకోలేక టెన్షన్ పడే అభిమానులకీ. ఫుట్‌బాల్ అంటే ఇక్కడ అమెరికన్ ఫుట్‌బాలే, మనం ఊళ్లో కాలితో ఆడింది కాదు.

రెండు పద్దుల ఆట

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇప్పటి పద్ధతిలో ఫ్రీ ఏజెన్సీ 1993లో వచ్చింది, మరుసటి ఏడాదే సాలరీ క్యాప్ వచ్చింది. 1994లో ఒక్కో టీమ్‌కి 34.6 మిలియన్ డాలర్లు. 2025కి అది 279.2 మిలియన్లు. ఇది గట్టి గీత. ఎన్‌బీఏలో లాగా గీత దాటి, పన్ను కట్టేసి తప్పించుకునే వీలు లేదు.

ఐపీఎల్ వేలం చూసే మనకి పర్సు అంటే తెలుసు. పాట ఎంత పలికితే అంతా అదే ఏడాది పర్సులోంచి పోతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా కాదు. ఇక్కడ రెండు పద్దులుంటాయి. ఒకటి నగదు, అంటే ఆటగాడి బ్యాంకులో పడేది. రెండోది క్యాప్ హిట్, అంటే ఆ ఏడాది గీత కింద రాసుకునేది. ఈ రెండూ ఒకే ఏడాది కలవాల్సిన పని లేదు. సంతకం చేసినందుకు 25 మిలియన్లు సైనింగ్ బోనస్ ఇస్తే డబ్బు ఇప్పుడే వెళ్తుంది, క్యాప్ లెక్కలో మాత్రం గరిష్ఠంగా ఐదేళ్లకు సమానంగా పంచుకోవచ్చు. ఏడాదికి 5 మిలియన్లు. వడ్డీ లేని ఈఎంఐ అనుకోండి. ఒక్కటే మెలిక. ఆటగాడిని వదిలేసినా, ఇంకో టీమ్‌కి ఇచ్చేసినా, ఆయనే రిటైరైపోయినా, మిగిలిన కంతులన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. దాన్నే డెడ్ మనీ అంటారు.

ముందు ఏం చూసుకోవాలి

చాలామంది మొదట అడిగేది “ఏడాదికి ఎంత?” అని. నేను మొదట అడిగేది “ఏ ఏడాదికి వీణ్ణి వదులుకుంటాను?” అని. కాంట్రాక్టు ఎంచుకోవడంలో సగం పని ఆ ప్రశ్నతోనే అయిపోతుంది. 26 ఏళ్ల లెఫ్ట్ టాకిల్ (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాచేవాడు) అయితే నాలుగేళ్లూ ఉంటాడనుకోవచ్చు. 31 ఏళ్ల పాస్ రషర్ (అవతలి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాడు) అయితే రెండేళ్లకు మించి ఆశ పెట్టుకోకూడదు. వదిలే ఏడాది తేలితే, ఆ ఏడాదికి ఎంత డెడ్ మనీ మిగులుతుందో చూసి కాంట్రాక్టు ఆకారం ఎంచుకోవచ్చు.

రెండోది, ఈ ఏడాది క్యాప్‌లో ఎంత ఖాళీ ఉంది. ఖాళీ ఉండి కూడా ఖర్చుని వచ్చే ఏళ్ల మీదికి నెట్టడం పనిలేని అప్పు. వాడని క్యాప్ ఎలాగూ వచ్చే ఏడాదికి బదిలీ అవుతుంది, మురిగిపోదు.

మూడోది గ్యారంటీ. మొత్తం అంకె కంటే ఇదే అసలు అంకె. అందులోనూ సంతకం రోజే పూర్తిగా గ్యారంటీ అయ్యేది వేరు, గాయమైతేనే వర్తించేది వేరు, వచ్చే మార్చిలో ఫలానా తేదీకి టీమ్‌లో ఉంటే గ్యారంటీగా మారేది వేరు. వార్తల్లో ఈ మూడింటినీ కలిపి ఒకే అంకెగా కొట్టేస్తారు. మా బావమరిది అడిగిన ఆరేళ్ల 120 మిలియన్ల సంగతే చూడండి. అది 2022లో బఫలో బిల్స్ వాన్ మిల్లర్‌కి ఇచ్చింది. అందులో గ్యారంటీ 51 మిలియన్ల చిల్లర. అప్పటికి ఆయనకి 33 ఏళ్లు నిండబోతున్నాయి. ఆ నవంబరులో, థాంక్స్‌గివింగ్ రోజు డెట్రాయిట్‌లో మోకాలు దెబ్బతింది. తర్వాత జీతం తగ్గించుకున్నాడు. 2025 మార్చిలో బిల్స్ వదిలేసింది. ఆరేళ్లన్నది మూడు సీజన్లలో ముగిసింది.

నాలుగోది, క్యాప్ ఎటు పోతోంది. 2023లో 224.8, 2024లో 255.4, 2025లో 279.2. ఇలా పెరుగుతుంటే ఈ రోజు 10 మిలియన్ల బరువు రేపు తేలికవుతుంది. 2023 క్యాప్‌లో అది 4.4 శాతం, 2025లో 3.6 శాతమే. ఖర్చుని వాయిదా వేసే టీమ్‌ల ధీమా అంతా ఇదే. అయితే 2020లో 198.2 ఉన్న క్యాప్ కోవిడ్ దెబ్బకి 2021లో 182.5కి పడింది. వాయిదాల మీద బతికిన టీమ్‌లు ఆ మార్చిలో పేరున్న ఆటగాళ్లని కూడా వదులుకోవాల్సి వచ్చింది.

ఒకే 45 మిలియన్లు, మూడు ఆకారాలు

మాటలతో కంటే లెక్కతో తేలిక. ఒక ఊహాత్మక కార్నర్‌బ్యాక్ (అవతలి వాళ్లు బంతి అందుకోకుండా కాచేవాడు). మూడేళ్లు, 45 మిలియన్లు. మొదటి ఆకారంలో మొత్తం జీతమే, ఏడాదికి 15. రెండో దాంట్లో 24 సైనింగ్ బోనస్, జీతాలు 1.5, 8, 11.5. మూడోది రెండోదే, కాకపోతే చివర రెండు వాయిడ్ ఇయర్స్ (కాగితం మీదే ఉండే ఏళ్లు) తగిలించి బోనస్‌ని ఐదేళ్లకు పంచారు. అన్నీ మిలియన్ డాలర్లలో.

| | నేరుగా జీతం | సైనింగ్ బోనస్ | వాయిడ్ ఇయర్స్‌తో |
|---|---|---|---|
| మొదటి ఏడాది నగదు | 15 | 25.5 | 25.5 |
| 1వ ఏడాది క్యాప్ హిట్ | 15 | 9.5 | 6.3 |
| 2వ ఏడాది | 15 | 16 | 12.8 |
| 3వ ఏడాది | 15 | 19.5 | 16.3 |
| 4వ ఏడాది (ఆటగాడు ఉండడు) | 0 | 0 | 9.6 |
| ఏడాది ఆడాక వదిలేస్తే డెడ్ మనీ | 0 | 16 | 19.2 |
| రెండేళ్లు ఆడాక వదిలేస్తే | 0 | 8 | 14.4 |

కింది రెండు వరుసలూ జీతంలో గ్యారంటీ ఏమీ లేదనుకుని రాసినవి. నిజంలో రెండో ఏడాది జీతం కూడా చాలాసార్లు గ్యారంటీలో ఉంటుంది. అప్పుడు రెండో కాలమ్‌లో ఏడాదికే వదిలేస్తే 16కి ఇంకో 8 కలిసి 24 అవుతుంది. ఉంచుకుంటే 16, పంపిస్తే 24. అంటే ఆటగాడు ఎలా ఆడినా రెండో ఏడాది టీమ్‌లో ఉంటాడు. గ్యారంటీ అనే మాటకి ఆచరణలో అర్థం ఇది.

మొదటి దారి: ఏ ఏడాది ఖర్చు ఆ ఏడాదే

జీతం ఎక్కువ, సైనింగ్ బోనస్ తక్కువ లేదా అసలు లేదు. కావాలంటే మొదటి మార్చిలో పెద్ద రోస్టర్ బోనస్ (ఫలానా తేదీకి టీమ్‌లో ఉంటే ఇచ్చేది) ఇచ్చి అంతా ఆ ఏడాది క్యాప్‌లోనే రాసేస్తారు. ఖాళీ దండిగా ఉన్న టీమ్‌కి ఇంతకంటే శుభ్రమైన పద్ధతి లేదు. మూడో ఏడాది ఆటగాడు తడబడితే చెయ్యి దులుపుకుని వెళ్లిపోవచ్చు.

మినెసోటా వైకింగ్స్ 2018లో క్వార్టర్‌బ్యాక్ కర్క్ కజిన్స్‌కి రాసింది ఈ కోవలోదే. మూడేళ్లు, 84 మిలియన్లు, ప్రతి డాలరూ గ్యారంటీ. సైనింగ్ బోనస్ 3 మిలియన్లే. క్యాప్ హిట్లు 24, 29, 31. దాచింది ఏమీ లేదు. కానీ పూర్తి గ్యారంటీ కాబట్టి మధ్యలో వదిలే దారీ లేదు. వైకింగ్స్ మూడో ఏడాదికి ముందు, 2020 మార్చిలో, కాంట్రాక్టుని పొడిగించి ఆ 31ని తగ్గించుకుంది. శుభ్రంగా మొదలుపెట్టినా క్యాప్ బిగిసినప్పుడు ఎవరైనా వాయిదాల దారే పడతారు.

ఈ దారికి ఇంకో ఇబ్బంది, ఆటగాడి వైపు నుంచి. మొదటి ఏడాది చేతికి వచ్చే నగదు తక్కువ. పక్క టీమ్ 25 మిలియన్లు ఇప్పుడే ఇస్తానంటుంటే, మీ 15 మీద సంతకం పెట్టించాలంటే రెండో ఏడాది జీతంలో చాలా భాగానికి గ్యారంటీ ఇవ్వక తప్పదు.

రెండో దారి: పెద్ద సైనింగ్ బోనస్, చిన్న జీతం

లీగ్‌లో ఎక్కువ కనపడేది ఇదే. ఆటగాడికి నగదు ముందే ముడుతుంది, టీమ్‌కి మొదటి ఏడాది క్యాప్ తేలిగ్గా ఉంటుంది, ఇద్దరూ నవ్వుతూ ఫొటో దిగుతారు. బరువు తెలిసేది రెండో మార్చిలో.

అట్లాంటా ఫాల్కన్స్ కథ చూడండి. మళ్లీ కజిన్సే. 2024 మార్చిలో నాలుగేళ్లు, 180 మిలియన్లు, అందులో 50 సైనింగ్ బోనస్, సంతకం రోజే 90 గ్యారంటీ. సుమారు ఆరు వారాలకే ఫాల్కన్స్ డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) 8వ పిక్‌తో మైకేల్ పెనిక్స్ అనే ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకుంది. డిసెంబరుకల్లా కజిన్స్ బెంచ్ మీద ఉన్నాడు. 2025లో ఆయన్ని ఉంచుకుంటే క్యాప్ హిట్ 40 మిలియన్లు. బోనస్ కంతులు 12.5, గ్యారంటీ జీతం 27.5. వదిలేస్తే? మిగిలిన మూడు కంతులు 37.5, ఆ 27.5 జీతం, మొత్తం 65. అంచేత బ్యాకప్‌గా కూర్చోబెట్టుకుంది. ఆ టీమ్ క్యాప్ లెక్క తప్పలేదు. తప్పింది మొదటి ప్రశ్న. ఎప్పుడు వదులుకుంటామో ముందే అనుకుని ఉంటే, రెండో ఏడాది గ్యారంటీ జీతం అంత ఉండేది కాదు.

ఈ దారిలో ఊపిరి పీల్చుకోవడానికి రెండు చిట్కాలున్నాయి. ఒకటి జూన్ 1 నియమం. ఆ తేదీ తర్వాత వదిలేసినట్టు రాసుకుంటే ఆ ఏడాది కంతు మాత్రమే ఇప్పుడు, మిగతాది వచ్చే ఏడాదికి. మార్చిలోనే వదిలేసి జూన్ 1 ముద్ర వేయించుకోవచ్చు కూడా, ఒక్కో టీమ్‌కి ఇద్దరు ఆటగాళ్ల వరకు. మన టేబుల్లో ఏడాదికే వదిలేస్తే వచ్చే 16, అప్పుడు 8, 8 గా విడిపోతుంది. మొత్తం మాత్రం తగ్గదు.

రెండోది రీస్ట్రక్చర్. రెండో ఏడాది 8 మిలియన్ల జీతంలో 1.2 ఉంచి, 6.8ని బోనస్‌గా మార్చి మిగిలిన రెండేళ్లకు పంచితే ఆ ఏడాది హిట్ 16 నుంచి 12.6కి దిగుతుంది, మూడో ఏడాది 19.5 కాస్తా 22.9 అవుతుంది. ఆటగాడికి నష్టం లేదు, రావాల్సిన జీతం ముందే వచ్చేస్తుంది. ‘జీతం త్యాగం చేశాడు’ అని పోస్టులు పెట్టేవాళ్లు పే కట్‌నీ రీస్ట్రక్చర్‌నీ కలిపేస్తున్నారు. రెండూ ఒకటి కాదు.

మూడో దారి: వాయిడ్ ఇయర్స్, ఆప్షన్ బోనస్

వాయిడ్ ఇయర్ అంటే కాగితం మీదే ఉండే ఏడాది. ఆటగాడు ఆ ఏడాది ఆడడనీ, కాంట్రాక్టు తనంతట తానే రద్దవుతుందనీ ఇద్దరికీ ముందే తెలుసు. బోనస్‌ని ఇంకో రెండు కంతులకు సాగదీయడానికే అది ఉన్నది. రద్దయిన రోజు మిగిలిన కంతులన్నీ డెడ్ మనీ. అప్పు చేసి పప్పు కూడే. కాకపోతే ఈ అప్పుకి వడ్డీ లేదు, తినే పప్పు ఒక్కోసారి సూపర్ బౌల్, అంటే లీగ్ కప్పు.

టాంపా బే బకనీర్స్ 2020లో క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీకి మొదట ఇచ్చింది సాఫీ కాంట్రాక్టు. రెండేళ్లు, 50 మిలియన్లు, పూర్తి గ్యారంటీ. 2021 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచారు. గెలిచిన టీమ్‌ని చెక్కుచెదరకుండా ఉంచాలంటే క్యాప్‌లో చోటు కావాలి, అది కూడా క్యాప్ పడిపోయిన ఏడాదిలో. ఆ మార్చిలో బ్రేడీ కాంట్రాక్టుని పొడిగించి వాయిడ్ ఇయర్స్ తగిలించి సుమారు 19 మిలియన్లు ఖాళీ చేసుకున్నారు. 2023 ఫిబ్రవరిలో బ్రేడీ ఆట చాలించాడు. ఆ ఏడాది బకనీర్స్ క్యాప్‌లో, మైదానంలో లేని బ్రేడీ పేరు మీద 35.1 మిలియన్లు.

ఇది తప్పా? నా లెక్కలో కాదు. వదిలే తేదీ దగ్గర్లోనే ఉందని వాళ్లకి తెలుసు, ఆయనకి అప్పటికే నలభై దాటాయి. ఆ ఒక్క ఏడాది ఇబ్బంది పడటానికి సిద్ధపడే సంతకం చేశారు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ముగ్గురు నలుగురి వాయిడ్ బిల్లులు ఒకే మార్చిలో వచ్చిపడితే. న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ ఏళ్ల తరబడి ప్రతి మార్చిలో రీస్ట్రక్చర్ల మీద రీస్ట్రక్చర్లు చేస్తూ వచ్చింది ఇందుకే.

ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఇదే పనిని ఇంకా నాజూగ్గా చేస్తుంది. మొత్తం బోనస్‌ని ఒకేసారి ఇవ్వదు. ప్రతి ఏడాదీ జీతాన్ని కనీసానికి దించి, మిగతాది ఆప్షన్ బోనస్‌గా ఇస్తుంది. ఆ ఆప్షన్ వాడిన ఏడాది నుంచే దాని ఐదేళ్ల లెక్క మొదలవుతుంది. 2024లో రన్నింగ్ బ్యాక్ సాక్వాన్ బార్క్లీకి రాసిన మూడేళ్ల 37.75 మిలియన్ల కాంట్రాక్టులో మొదటి ఏడాది క్యాప్ హిట్ 4 మిలియన్ల లోపే. ఆ సీజన్‌లో ఆయన 2,005 గజాలు పరిగెత్తాడు, ఈగిల్స్ కప్పు ఎత్తింది. జనరల్ మేనేజర్ హోవీ రోజ్‌మన్‌ని చూసి అందరూ ఇలాగే చేయబోతారు. వాళ్లు గమనించనిది ఒకటుంది. ఈ పద్ధతి నిలబడాలంటే యజమాని ప్రతి ఏడాదీ క్యాప్ కంటే ఎక్కువ నగదు తీయడానికి సిద్ధంగా ఉండాలి. పైగా భవిష్యత్తులో ఇస్తానని గ్యారంటీ ఇచ్చిన సొమ్ములో పెద్ద భాగాన్ని టీమ్ ముందే విడిగా జమ చేసి ఉంచాలని లీగ్ నియమం. జేబు బరువుని బట్టే కాంట్రాక్టు ఆకారం. గ్రీన్ బే ప్యాకర్స్ సంప్రదాయం దీనికి పూర్తిగా ఎదురు. సైనింగ్ బోనస్ ఇస్తారు కానీ, తర్వాతి ఏళ్ల జీతాలకి గ్యారంటీ ఇవ్వడానికి మామూలుగా ఒప్పుకోరు.

నాలుగో దారి: ఒక్క ఏడాది, పైన ఇన్సెంటివ్‌లు

‘ముందు ఆడి చూపించు’ కాంట్రాక్టు. గాయం నుంచి లేస్తున్నవాడికి, ఒక చోట పేరు పోగొట్టుకుని ఇంకో చోట వెతుక్కుంటున్నవాడికి.

బ్రేడీ 35.1 మిలియన్లు మోస్తున్న 2023 బకనీర్స్‌కి క్వార్టర్‌బ్యాక్ కావాలి, చేతిలో చిల్లర తప్ప ఏమీ లేదు. బేకర్ మేఫీల్డ్ వచ్చాడు, ఒకప్పటి నంబర్ వన్ పిక్, అప్పటికి టీమ్‌లు మారి మారి వచ్చినవాడు. ఒక ఏడాది, 4 మిలియన్లు, బాగా ఆడితే 8.5 దాకా. టీమ్ తన డివిజన్ (నాలుగు టీమ్‌ల గ్రూపు) గెలిచింది. మరుసటి మార్చిలో మేఫీల్డ్ మూడేళ్లకు 100 మిలియన్ల సంతకం చేశాడు. టీమ్‌కీ లాభమే, ఆటగాడికీ లాభమే. కానీ గమనించండి. ఒక్క ఏడాది కాంట్రాక్టు హిట్ అయితే మరుసటి ఏడాది ధర టీమ్ చేతిలో ఉండదు. రెండో ఏడాదికి టీమ్ ఆప్షన్ రాసుకుని ఉంటే తక్కువలో పోయేది కదా అంటారు. అలా రాస్తే మేఫీల్డ్ స్థితిలో ఉన్నవాడు మొదట సంతకమే పెట్టడు.

ఇన్సెంటివ్‌ల క్యాప్ లెక్క తమాషాగా ఉంటుంది. గత ఏడాది ఆటగాడు అందుకున్న అంకెనే లక్ష్యంగా పెడితే, ‘వచ్చేలా ఉంది’ అని ముందే ఈ ఏడాది క్యాప్‌లో రాస్తారు. గత ఏడాది అందుకోనిది అయితే ఇప్పుడు సున్నా, సాధిస్తే వచ్చే ఏడాది లెక్కలో కలుస్తుంది. గాయంతో సీజన్ అంతా పోయినవాడికి దాదాపు ఏ లక్ష్యం పెట్టినా రెండో రకమే. అందుకే అలాంటివాడి కాంట్రాక్టులో ‘దాకా’ అనే మాట పెద్దగా కనిపిస్తుంది.

ఇన్సెంటివ్ ఎలా ఉంటుందో కళ్లారా చూడాలంటే 2025 జనవరి 5న టాంపాలో సెయింట్స్‌తో జరిగిన ఆట ఆఖరి క్షణాలు వెతికి చూడండి. బకనీర్స్ గెలిచేశారు, మోకాలు ఆనిస్తే ఆట అయిపోతుంది. కానీ రిసీవర్ (విసిరిన బంతి అందుకునేవాడు) మైక్ ఎవాన్స్‌కి 1,000 గజాలకి ఇంకో 5 గజాలు తక్కువ. అవి వస్తే 3 మిలియన్ల బోనస్, పాత దిగ్గజ రిసీవర్ జెర్రీ రైస్‌తో సమానంగా వరసగా 11 సీజన్లు వెయ్యి దాటిన రికార్డు. అదే మేఫీల్డ్ ఆఖరి ప్లేలో బంతిని ఎవాన్స్‌కి వేశాడు. 9 గజాలు. టీమ్ మొత్తం మైదానంలోకి దూకింది. టీవీ ముందు మా బావమరిది కూడా.

ఈ దారికే తోక లాంటిది కనీస వేతనం కాంట్రాక్టు. సీనియర్ ఆటగాడు ఒక ఏడాదికి కనీస వేతనం మీద వస్తే, క్యాప్‌లో అంతకంటే తక్కువే, జూనియర్ రేటుకి లెక్కేస్తారు. 2024లో క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ పిట్స్‌బర్గ్‌కి 1.21 మిలియన్లకే ఆడాడు. దానగుణం కాదు. ఆ ఏడాదికి డెన్వర్ బ్రాంకోస్ ఆయనకి గ్యారంటీగా బాకీ ఉన్నది 39 మిలియన్లు. ఎవరు ఎంత ఇచ్చినా అంత బ్రాంకోస్ బాకీలోంచి తగ్గుతుంది, విల్సన్‌కి వచ్చేది మారదు. ఇక తక్కువకి ఆడితే పోయేదేముంది? ఆయన్ని వదిలేసినందుకు బ్రాంకోస్ మోసిన డెడ్ మనీ 85 మిలియన్లు, రెండేళ్లకు పంచుకుని.

మీరు ఎవరైతే ఏది

వయసు మీద పడిన స్టార్ క్వార్టర్‌బ్యాక్ ఉండి, కప్పు ఈ రెండేళ్లలోనే అనుకునే టీమ్ అయితే మూడో దారి. ఒక్క షరతు, వాయిడ్ బిల్లులు ఏ ఏడాది పడతాయో కాగితం మీద వరసగా రాసుకుని, అన్నీ ఒకే మార్చిలో పడకుండా చూసుకోండి.

రూకీ (లీగ్‌కి కొత్తగా వచ్చిన) క్వార్టర్‌బ్యాక్ ఉన్న టీమ్ విషయంలో నాకూ మా వాడికీ ఎప్పుడూ గొడవే. వాడి వాదన, “క్వార్టర్‌బ్యాక్ చవగ్గా ఉన్నాడు, ఇప్పుడే అందర్నీ కొనేసి ఖర్చు ముందుకి నెట్టెయ్ బావా.” కొనడం వరకు సరే. నెట్టడమే తప్పు. రూకీ కాంట్రాక్టు నాలుగేళ్లు, మొదటి రౌండ్ వాడైతే ఐదో ఏడాదికి టీమ్ ఆప్షన్. మూడో సీజన్ అవ్వగానే వాడికి ఏడాదికి 50 మిలియన్ల లెక్క మొదలవ్వొచ్చు. ఖర్చు నెట్టితే అది సరిగ్గా ఆ ఏళ్ల మీదే పడుతుంది. ఖాళీ ఉన్న ఈ మూడేళ్లలోనే మొదటి దారిలో క్యాప్ అంతా తినేసి, క్వార్టర్‌బ్యాక్ బిల్లు వచ్చేసరికి మిగతా పద్దులు తేలిగ్గా ఉంచుకోవాలి. బ్రాంకోస్ 2024లో విల్సన్ డెడ్ మనీ 53 మిలియన్లు మోస్తూ కూడా ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్ రూకీ జీతం అంత చవక కాబట్టే అది సాధ్యమైంది.

టీమ్‌ని మొదటి నుంచి కట్టుకుంటున్నవాళ్లకి నాలుగో దారి, కొద్దిగా మొదటిది. పెద్ద సంతకాలు వద్దు. మీరు పోగొట్టుకున్న ఫ్రీ ఏజెంట్లకి బదులు లీగ్ ఇచ్చే అదనపు డ్రాఫ్ట్ పిక్‌లు, మీరు బయటి నుంచి కొన్న ఫ్రీ ఏజెంట్లతో చెల్లుకు చెల్లు అయిపోతాయి. పాత టీమ్ వదిలేసిన ఆటగాడిని తీసుకుంటే ఆ లెక్కలోకి రాదు. ఈ చిన్న తేడా తెలిసిన టీమ్‌లు మార్చి రెండో వారం ఖాళీగా కూర్చుని, తర్వాత చవగ్గా ఏరుకుంటాయి.

ఆటగాడో, ఏజెంటో అయితే వరస తిరగబడుతుంది. మొత్తం అంకె వదిలేయండి. మొదటి ఏడాది నగదు, సంతకం రోజు గ్యారంటీ, రెండో ఏడాది జీతం ఏ తేదీకి గ్యారంటీ అవుతుంది, ఇవి చూడండి. క్యాప్ పెరుగుతున్న కాలంలో ఐదేళ్ల కంటే మూడేళ్లే మేలు, మళ్లీ త్వరగా మార్కెట్‌లోకి రావచ్చు. వాయిడ్ ఇయర్స్ వల్ల మీకు నష్టం లేదు, టీమ్ తగిలించుకుంటానంటే తగిలించుకోనివ్వండి. టెక్సాస్, ఫ్లోరిడాలో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదన్నది కూడా చిన్న విషయం కాదు, ఫ్రిస్కోలో ఇల్లు కొన్న ప్రతి తెలుగువాడికీ తెలిసిందే.

ఫ్యాంటసీ క్యాప్ లీగ్ వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. మీ లీగ్‌లో క్యాప్ ఏటా పెరగకుండా స్థిరంగా ఉంటే రెండో దారి, మూడో దారి మర్చిపోండి. ఆ రెండిటికీ ప్రాణం పోసేది పెరిగే క్యాప్. అది లేనప్పుడు వాయిదా వేసిన ప్రతి డాలరూ అంతే బరువుతో తిరిగొస్తుంది. మా వాడి రన్నింగ్ బ్యాక్ సంగతి అదే.

ఇక తేదీలు. కొత్త లీగ్ సంవత్సరం మార్చి మధ్యలో న్యూయార్క్ టైం ప్రకారం సాయంత్రం నాలుగింటికి మొదలవుతుంది. ఆ క్షణానికి ప్రతి టీమ్ గీత కింద ఉండాలి. జీతాలు గ్యారంటీగా మారే గడువులు కూడా చాలా వరకు ఆ రోజుల్లోనే. 2013 మార్చి 15న డెన్వర్‌లో పాస్ రషర్ ఎల్విస్ డ్యూమర్‌విల్ 12 మిలియన్ల జీతం గ్యారంటీ కాబోతోంది. టీమ్ అంత ఇవ్వలేనంది, 8కి ఇరువైపులా ఒప్పుకున్నారు. ఒప్పందం కుదిరింది, సంతకం పెట్టిన కాగితం ఫ్యాక్స్‌లో రావాలి. గడువు మధ్యాహ్నం రెండు గంటలు. ఫ్యాక్స్ కొద్ది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. బ్రాంకోస్ ఆయన్ని వదిలేయక తప్పలేదు. ఆయన బాల్టిమోర్ రేవెన్స్‌కి వెళ్లి, 2014లో 17 శాక్‌లు కొట్టాడు, అంటే అన్నిసార్లు అవతలి క్వార్టర్‌బ్యాక్‌ని బంతి విసరకముందే పడగొట్టాడు.